వేగుచుక్క ఏ పక్కనుందో చెప్పే పిల్ల

మా పెద్దపిల్ల పోయిందన్న కబురు నా దగ్గరికి వచ్చేసరికి నేను మడిలో నిలబడి నవ్వుతున్నాను. నాట్ల రోజు. పక్కన నాటు వేస్తున్న మా వదిన ఏదో ఎకసెక్కం ఆడింది. ఏమన్నదో ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తు రాదు. నవ్విన సంగతి మాత్రం మర్చిపోదామన్నా పోదు. అంతలో మా ఆయన గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోను ఉంది. దిగి రాలేదు.

"ఏంది అట్ల నిలబడ్డవ్? దిగు. నడుం వంగుతలేదా?" అన్నాను.

ఆయన గట్టు మీదనే, ఆ బురదలోనే కూలబడ్డాడు. మా ఆయన కట్టుకున్న బట్టతో బురదలో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు నా చేతిలోంచి నారుకట్ట జారింది.

పిల్ల తెల్లవారుజామునే పోయిందట, సుక్మా అస్పతాల్లో. రాత్రంతా వాన. ఫోన్లు కలవలేదు. కబురు మా ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అంటే ఆ పొద్దున లేచిన దగ్గరనుంచి నేను ఆ బిడ్డ లేని తల్లినే. తెలియదు, అంతే. లేని బిడ్డ ఆదివారం వస్తుందని ఎండుచేపలు దులిపి పక్కకు పెట్టాను. లేని బిడ్డ మీద విసుక్కున్నాను కూడా, జ్వరమని చెప్పి మళ్లీ ఫోను చేయలేదని. ఆ పూటంతా నాకు అన్నం సహించింది, నవ్వు వచ్చింది, ఎండ ఎండలాగే ఉంది.

ఇట్లాంటి పూట ఒకటి ఉంటుందని ఆ పిల్లే నాకు ఒకసారి చెప్పింది. ఆ మాట తర్వాత చెప్తాను. ముందు ఆ పిల్ల ఎవరో మీకు తెలియాలి.

మాది తెలుగు సరిహద్దు దాటినాక, కోంట నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు. పొలం కొంచెం, మిగతాదంతా అడవి పెట్టేదే. మా పెద్దపిల్ల హాస్టల్ బడుల్లోనే పెరిగింది. జగదల్‌పూర్ కాలేజీలో చదివింది. చివరికి బాసగూడ వైపు వెదురు తడికెలతో కట్టిన ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో సైన్స్ మేడం అయింది. చదివిందంతా హిందీలో. పిల్లలకు చెప్పేది సగం హిందీ, సగం గోండీ. ఇంటికి వస్తే నాకు తెలుగులో చెప్పేది. "నీకు చెప్పినంక గానీ నాకే అర్థం కాదే అమ్మా" అనేది. అది నన్ను సంతోషపెట్టడానికి అన్నదో, నిజమో, ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

మాకు ఇప్పపూల కాలం అన్నిటికంటే పెద్ద కాలం. పూలు తెల్లవారేముందు రాలతాయి. మనిషి ఆలస్యం చేస్తే పశువులు తింటాయి, ఎలుగుబంటి తింటుంది. అందుకని వేగుచుక్క కొండ మీదికి రాగానే లేచి బుట్టలు పట్టుకుని పోతాం. నాకు మా అత్త నేర్పింది అదే, ఆమెకు ఆమె అత్త. మా ఇల్లు ఊరికి తూర్పు చివర గనక చుక్కను చూసి వాడనంతా లేపే పని నాది.

ఒక ఏడు చుక్క కనపడింది, అంత లావున మెరుస్తూ. అందర్నీ లేపాను. పోయి ఎవరి చెట్టు కింద వాళ్లం కూర్చున్నాం. పూలు రాలవు. తెల్లవారదు. ఆకులు పోగేసి మంట వేసుకున్నాం. అది ఆరిపోతే ఇంకొకటి వేసుకుని అందరం ఒకచోటికి చేరాం. చంటిపిల్లలు బుట్టల్లోనే నిద్రపోయారు. తూర్పు మాత్రం నల్లగా అట్లాగే ఉంది.

"ఏం మరదలా, మీ చుక్కకి ఇయ్యాల ఛుట్టీనా? పొద్దును తోలుకొచ్చుడు మర్చిపోయినట్టుంది" అన్నది మా వదిన. ఆమె మా ఆయన అక్క, ఊళ్లోనే ఇచ్చారు. నోరు మంచిది కాదు, మనసు మంచిది.

"ఆమె చూసింది చుక్క కాదే, పోలీసు క్యాంపు లైటు!" అని ఇంకొకామె. అందరూ పడీ పడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మా పిల్ల అప్పుడు తొమ్మిదో తరగతి. హోళీకి ఇంటికి వచ్చి ఉంది. దుప్పటి కప్పుకుని మంట పక్కన కూర్చున్నది, అది ఒక్కతే నవ్వలేదు. తల ఎత్తి చూసి, "అమ్మా, నువ్వు చూసింది వేగుచుక్క కాదే. అది గురుగ్రహం. వేగుచుక్క ఈ ఏడు పొద్దుటి పక్కన లేదు, సాయంత్రం పక్కకి పోయింది" అన్నది.

"చుక్కలు పక్కలు మారతయా? ఏం, ఇల్లరికం పోయిందా?" అన్నది వదిన.

"అది చుక్కే కాదు అత్తా. మన భూమి లాంటిదే. సూర్యుడి సుట్టు తిరుగుతది."

నమ్మలేదు ఎవరూ. అప్పుడు అది లేచి, మా వదినను మంటకు కొంచెం దూరంగా కూర్చోబెట్టింది. "ఈ మంట సూర్యుడు. నువ్వు భూమి. కూసున్న కాడే బొంగరం లెక్క తిరుగు" అన్నది. "నా నడుం పోయి ఉంది, నేను తిరగ" అని వదిన. "తిరగకపోతే తెల్లారదు అత్తా, నీ ఇష్టం" అన్నది ఇది. గొణుక్కుంటూ ఆమె తిరిగింది. మా పిల్ల అల్యూమినియం చెంబు ఒకటి పట్టుకుని మంట చుట్టూ దగ్గరగా నడిచింది. ఒక పక్కన ఉన్నప్పుడు, వదిన తిరుగుతుంటే ముందు చెంబు కనపడి తర్వాత మంట కనపడేది. అవతలి పక్కకు పోయినప్పుడు ముందు మంట దాటిపోయి, తర్వాత చెంబు మిగిలేది.

"చెంబు మెరుస్తంది గదా. దాని లోపల మంట ఉందా?"

"చెంబులో మంటెక్కడిదే?"

"వేగుచుక్క కూడా అంతే. దానిది ఎరువు తెచ్చుకున్న వెలుగు."

అంతలో పుటుక్కున ఒక పువ్వు వదిన నెత్తి మీద పడింది. "భూమి మీద వాన మొదలైంది" అన్నది మా పిల్ల. అప్పుడు నవ్వింది.

ఆ ఏటినుంచి అది ఒక అలవాటు అయిపోయింది. జగదల్‌పూర్‌లో ఉన్నా, పెళ్లై కిరండూల్‌లో ఉన్నా, బడిలో ఉన్నా, మేము చెట్ల కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేసే రోజుల్లో దాని ఫోను వచ్చేది. "అమ్మా, ఈ ఏడు పొద్దుటి పక్కనే ఉంది. చూసి లేవొచ్చు." లేదంటే, "ఈ ఏడు లేదే. కోడిని నమ్ముకో." ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఫోన్లలో గంటలు మోగుతాయి. అయినా వాడలో ఆడవాళ్లు నన్ను అడిగేవాళ్లు, "ఏమంటంది మీ పిల్ల? చుక్క ఏ పక్కన?" అని. అడిగి, సరే అనుకుని, తర్వాతే బుట్టలు అల్లుకునేవాళ్లు.

ఈసారి ఎవరూ అడగరు. అడగకూడదని వాళ్లకు తెలుసు. వాళ్లు అడగకపోవడమే నేను తట్టుకోలేను.

చుక్కలు ఎట్లా వెలుగుతాయో కూడా అది నాకు చెప్పింది. అది కాలేజీలో ఉన్నప్పటి మాట. ఇప్పగింజల నూనె తీస్తున్నాం. మా దగ్గర రెండు లావు దుంగల మధ్య ఉడికించిన గింజలు పెట్టి, పైదుంగ మీద మనిషి ఎక్కి నొక్కుతాడు. నూనె చుక్క చుక్కగా కారుతుంది. మా ఆయన పైన ఎక్కి ఉన్నాడు. నేను కింద గిన్నె పట్టుకుని ఊరికే అడిగాను.

"సూర్యుడి కాడ గూడా మంటే గదా. అన్ని ఏండ్ల నుంచి కట్టెలు ఎవడేస్తుండే?"

"కట్టెలు లేవే. అది కాలుడు గాదు, నొక్కుడు. నాయన దుంగ ఎక్కి నొక్కినట్టు, దాని బరువే దాని నడుమను నొక్కుతది. నువ్వు, నేను, ఊరంతా ఎక్కినా అంత నొక్కలేం. ఆ నొక్కుడుకి చిన్న చిన్న అణువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతయి. కలిసినంక తూస్తే కొంచెం తక్కువ ఉంటది."

"తక్కువైంది యాడికి పోయింది? ఎవడు నొక్కేసిండు?"

"ఎవడూ నొక్కెయ్యలేదు. ఆ తక్కువైందే వెలుగైంది."

మా ఆయన పైనుంచి, "మన తూకం వేసే సేఠ్ దగ్గర గూడా రోజూ తక్కువైతది, వెలుగు ఒక్కనాడు రాలే" అన్నాడు. అది నవ్వి నవ్వి నూనె గిన్నెను తన్నేసింది.

తక్కువైందే వెలుగైంది. ఆ మాట నాకు ఎంత నచ్చిందో. ఎన్నో ఏళ్లు ఆ మాట పట్టుకుని పొద్దున్నే సూర్యుణ్ణి చూసి, ఇంత తగ్గించుకుంటున్నావా నాయనా మా కోసం, అనుకునేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో ఒక మనిషి తక్కువైంది. ఏ వెలుగూ రాలేదు. తూకం వేసి చూసుకుంటే తక్కువ ఒక్కటే ఉంది.

ఇంటికి వస్తే సాయంత్రం అన్నం తినేముందు వాకిట్లో బల్బు ఆర్పేసేది. చుక్కలు కనపడాలని. "కరెంటు వచ్చేదే అంతంతమాత్రం, వచ్చిన కరెంటు గూడా నీకు పనికిరాదా" అని మా ఆయన అరిచేవాడు. ఆర్పి చాప మీద కూర్చుని కంచంలో అన్నం కలుపుతూ తల పైకెత్తి ఉండేది. మెతుకులు ఒళ్లో పడేవి. ఇప్పుడు మా ఆయనే బల్బు వేయడం లేదు.

భూమి ఎందుకు పడిపోకుండా తిరుగుతుందో బడిలో చెప్పడానికి అది ఇంటినుంచి వడిసెల పట్టుకుపోయింది. జొన్నచేలో మంచె ఎక్కి చిలకలను తోలే వడిసెల. చిన్నప్పుడు దాని గురి చూసి మగపిల్లలే పక్కకు తప్పుకునేవాళ్లు. బడి మైదానంలో రాయి పెట్టి గిరగిరా తిప్పి చూపించిందట. పెద్ద సారు పరుగెత్తుకుంటూ వచ్చి, "మేడం, పిల్లల బుర్రలు పగులుతయ్!" అన్నాడట. "పగలవు సార్, తాడు నా చేతిలోనే ఉంది" అన్నదట. అదే సంగతి మంచె మీద కూర్చుని నాకు చెప్పింది.

"రాయికి తిన్నగా పోవాలనే ఉంటది. తాడు పోనియ్యదు. ఆ రెండింటి కొట్లాటే తిరుగుడు. భూమికి, సూర్యుడికి నడుమ తాడు కనపడదు, అంతే."

"మరి సూర్యుడే లేకుండా పోతే?"

ఎందుకడిగానో. నోరు పడిపోయినా బాగుండేది.

"పోతే మనకు వెంటనే తెలియదే. ఎనిమిది నిమిషాలు పడతది. అంత దూరం నుంచి రావాలె గదా. అందాక ఎండ వస్తనే ఉంటది. తాడు ఉన్నట్టే ఉంటది. భూమి ఏమీ లేనిదాని సుట్టు తిరుగుతనే ఉంటది, పాపం."

"ఆ తర్వాత?"

"తర్వాత తిన్నగా పోతది, వదిలేసిన రాయి లెక్క. చీకట్లకు."

ఆ రోజు మడిలో నా ఎండ అదే. నేను నవ్విన నవ్వు అదే. ఆ ఎనిమిది నిమిషాల మాట నాకు మడిలో గుర్తు రాలేదు. పిల్లను మోసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టిన తర్వాత, దాని పాదాలకు అంటిన బురద కడుగుతుంటే గుర్తొచ్చింది.

వానలు మొదలయ్యాక బడిలో జ్వరాలు వచ్చాయి. పిల్లల్ని ఒక్కొక్కర్ని అస్పతాల్‌కి పంపుతూ తను అక్కడే ఉండిపోయింది. "మా పిల్లలకి తగ్గనీ, ఆదివారం వస్త" అన్నది నాతో చివరిసారి. గొంతు తేడాగా ఉంటే, "నీకేమన్నా ఉందా?" అన్నాను. "కొంచెం ఒళ్లు కాలుతంది. పెద్దగా ఏం లేదు" అన్నది. ఆ జ్వరం తలకెక్కింది. తనను సుక్మాకు బయలుదేరదీసిన రోజు వాగు పొంగి గాడీ అవతల నిలిచిపోయింది. నీళ్లు తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. ఎవర్ని అనను? వాన మీద కోపం పెట్టుకుంటే మడి ఎండుతుంది. ఆ పిల్లలందరికీ తగ్గిందని విన్నాను. మంచిదే. మంచిదే అనుకోవడానికి నాకు చాలా కష్టంగా ఉంది, అయినా మంచిదే.

దానికి ఒక కూతురుంది. అయిదేళ్లది. అల్లుడు కిరండూల్‌లో లారీ నడుపుతాడు, పిల్ల మొదటినుంచి నా దగ్గరే. అల్లుడు వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని వెళ్లిపోయాడు.

దినం అయిన తర్వాత ఒక సాయంత్రం చూస్తే చిన్నది వాకిట్లో నిలబడి పైకి చూస్తూ మాట్లాడుతున్నది. బువ్వ తిన్నావా, మేక ఈనింది, అని. ఎవరితోనే అంటే, "మా అమ్మతోని. మా అమ్మ చుక్క అయింది. పెద్దమ్మమ్మ చెప్పింది" అన్నది. మా వదిన చెప్పింది అన్నమాట.

వదిన మీద అరిచాను. "దాని తల్లి బతికుంటే నిన్ను ఊరుకునేదా, ఇట్లాంటి మాట చెప్తే?"

"బతికుంటే నేనెందుకు చెప్తనే?" అన్నది వదిన. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పసిదానికి ఏదో ఒకటి చెప్పాలె గదా. నిజం చెప్పి ఏం చేస్తవ్? నిజం కూడుపెడతదా?"

 నా దగ్గర నా పిల్ల మాట ఒకటి ఉంది. ఒక ఏడు సెలవలకు హాస్టల్ పిల్లనొకదాన్ని వెంట తీసుకొచ్చింది. ఆ పిల్లకు తండ్రి లేడు. ఆ పిల్ల కూడా ఇట్లాగే ఒక చుక్కను చూపించి మా నాయన అన్నది. మా అమ్మాయి కోప్పడలేదు. పక్కన కూర్చుని, "ఆ చుక్క నుంచి ఇక్కడికి రావాలంటే వెలుగుకే ఏండ్లు పడతది. మీ నాయనను అంత దూరం ఎందుకు పంపుతవ్ బిడ్డా? ఇక్కడి మట్టిలోనే ఉండనీ, దగ్గరుంటడు" అన్నది. ఆ పిల్ల చాలాసేపు ఏడ్చి, తర్వాత పడుకుంది.

నా పిల్ల మాట నిలబెడితే చిన్నదానికి ఉన్న ఒక్క ఆసరా తీసేసినదాన్నవుతాను. నిలబెట్టకపోతే నా బిడ్డ బతుకంతా చెప్పిన మాటను నేనే తుడిచేసినదాన్నవుతాను. దాని మాట తప్ప నాకు దాని గుర్తు ఇంకేం మిగిలింది? అప్పటినుంచి సాయంత్రమైతే చిన్నదాన్ని లోపలికి లాగి తలుపు వేసేదాన్ని. చలిగాలి అనేదాన్ని. దోమలు అనేదాన్ని. తల్లి వాకిట్లో బల్బు ఆర్పేది, ఆ తల్లికి తల్లినైన నేను తలుపు మూస్తున్నాను.

వానలు వెళ్లాయి. వరి పండింది. నా పిల్ల పోయిన రోజు నాటిన మడి కూడా పండింది, నేను నవ్వుతూ నాటిన కొస కూడా. మొన్న పొద్దు గూకేవేళ కోసిన పనలు చూసి వస్తుంటే చిన్నది గట్టు మీద ఆగిపోయి వేలు చూపించింది. పడమటి కొండ పైన లావున, తెల్లగా, ఒక్కటే ఒక్కటి మెరుస్తున్నది. ఇంకా ఏ చుక్కా రాలేదు. తలుపు వేయడానికి అక్కడ తలుపు లేదు.

"అమ్మమ్మా, అదే గదా మా అమ్మ? అన్నిటికంటే పెద్దగుంది."

నా నోట్లో అవును అనే మాట వచ్చేసింది. పెదవుల దాకా వచ్చింది.

"కాదే" అన్నాను. "అది చుక్క గూడా కాదు. వేగుచుక్కే, ఈ పక్కకి వచ్చింది. దానికి సొంత వెలుగు లేదు."

అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మొహం చిట్లించింది, తల్లి చిట్లించినట్టే.

"మరి ఎట్ల మెరుస్తంది?"

"సూర్యుడి వెలుగు దాని మీద పడుతది."

"సూర్యుడు మునిగిండు గదా?"

ఆ మంట చుట్టూ చెంబు పట్టుకుని నడిచిన పిల్ల నా కళ్ల ముందు తిరిగింది. అది అవతలి పక్కకు పోయినప్పుడు మాకు కనపడకుండా పోయిన మంట, దాని చేతిలో చెంబుకు కనపడుతూనే ఉండింది.

"మనకు మునిగిండే" అన్నాను. "దానికి ఇంకా కనపడుతుండు."

"మనకు కనపడడా?"

"ఇప్పుడు కనపడడు."

చిన్నది నా కొంగు పట్టుకుని నిలబడింది. నేనూ గట్టు మీదనే ఆగాను. చూస్తుండగానే వేగుచుక్క కొండ దగ్గరికి దిగింది, చెట్ల కొసల్లో ఒకసారి ఆగి ఆగి మెరిసింది, పోయింది. చిన్నదాని వేలు మాత్రం అది పోయిన చోటికే చూపిస్తూ, చీకట్లో ఇంకా అట్లాగే ఉంది.